బర్మింగ్‌హామ్ క్లీన్ ఎయిర్ జోన్: వారానికి 48 పౌండ్లు కట్టలేకపోతున్నాను, సలహా చెప్పండి

నెల్లూరు_నైట్‌షిఫ్ట్ | మంగళవారం, రాత్రి 1:52

అందరికీ నమస్కారం. మేం బర్మింగ్‌హామ్ వచ్చి నాలుగు నెలలైంది. మా ఆవిడ నర్సు, ఆవిడ వీసా మీద నేనూ వచ్చాను. సిటీ మధ్యలో ఒక రెస్టారెంట్ కిచెన్‌లో పని దొరికింది. సాయంత్రం 4కి ఎక్కితే దిగేసరికి రాత్రి 12:30. ఇల్లు ఎర్డింగ్టన్‌లో. నేను బయటపడేసరికి చివరి రైలు వెళ్లిపోతుంది. అందుకని 1,900 పౌండ్లు పెట్టి 2014 మోడల్ డీజిల్ కారు కొన్నాను. ఇంజిన్ బాగుంది, మైలేజీ బాగుంది, అమ్మినాయన కూడా మర్యాదగానే మాట్లాడాడు. పాత డీజిల్ బండితో సిటీ మధ్యలోకి వెళ్తే రోజుకి 8 పౌండ్లు కట్టాల్సిన క్లీన్ ఎయిర్ జోన్ ఉందని ఆయన చెప్పలేదు, అడగాలని నాకు తెలియదు.

మూడు వారాలు ఆస్టన్ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా రోజూ హాయిగా వెళ్లొచ్చాను. మేఘం బొమ్మ ఉన్న బోర్డు కనబడేది, వాతావరణం గురించేమో అనుకున్నాను. నిన్న పొద్దున పోస్టులో రెండు కవర్లు వచ్చాయి. ఆవిడ హాస్పిటల్ ఉత్తరాలేమో అనుకుని చింపింది. లోపల చీకట్లో మా కారు ఫొటో, కింద నంబర్ ప్లేటు పెద్దది చేసి ఇంకో ఫొటో. ఒక్కోదానికి 120 పౌండ్ల జరిమానా. వంటగదిలో బల్ల దగ్గర ఇద్దరం చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం.

మూడు వారాలు తిరిగాను కాబట్టి ఇంకా వస్తాయని అర్థమైంది. నిద్ర పట్టడం లేదు. దీన్నుంచి ఎలా బయటపడాలి? ఇకముందు ఏం చేయాలి?

మిడిల్‌వే_అక్క | మంగళవారం, ఉదయం 7:10

తమ్ముడూ, ముందు టెన్షన్ తగ్గించుకో. ఆ కవర్లు మాత్రం సొరుగులో పెట్టి మర్చిపోకు. నేనిక్కడ పదకొండేళ్లుగా ఉంటున్నాను, చాలామంది చేసే తప్పు అదే.

ఈ రోజే చేయాల్సినవి చెప్తాను. నోటీసు మీద తేదీ చూడు. 14 రోజుల్లో కడితే 120 కాస్తా 60 అవుతుంది. ఆ రోజుకి కట్టాల్సిన 8 పౌండ్లు మాత్రం దానికి అదనం. ఇంకో సంగతి, నువ్వు వెళ్లిన రోజు తర్వాత ఆరు రోజుల వరకూ ఆ 8 పౌండ్లు ఆన్‌లైన్‌లో కట్టొచ్చు. అంటే పోయిన ఆరు రోజుల్లో తిరిగినవాటికి ఇంకా నోటీసు రాదు, ఇప్పుడే కట్టేయ్. ఆరు రోజులు ముందుగా కూడా కట్టుకోవచ్చు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే కట్టు. గూగుల్‌లో పైన కనిపించే కొన్ని సైట్లు మధ్యలో కమిషన్ లాగుతాయి.

నీ షిఫ్టుతో ఇంకో చిక్కుంది. ఇక్కడ రోజంటే అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. సోమవారం సాయంత్రం లోపలికెళ్లి రాత్రి 12:30కి బయటికొస్తే మంగళవారం కూడా లెక్కలోకి వస్తుంది. సోమ నుంచి శుక్ర దాకా అయిదు షిఫ్టులు చేస్తే శనివారం తెల్లవారుజాముతో కలిపి ఆరు రోజులు. నువ్వు రాసిన 48 అలా వచ్చిందే. ఆ అరగంట గురించి మీ మేనేజర్‌తో మాట్లాడి చూడు.

కారు కదలకుండా పార్క్ చేసి ఉంటే డబ్బు పడదు, నడిపితేనే పడుతుంది. మిడిల్‌వే, అంటే ఊరి చుట్టూ ఉన్న ఏ4540 రింగ్ రోడ్డు మీద తిరిగినా పడదు. దాని లోపలికి దిగితేనే. పండగైనా ఆదివారమైనా మినహాయింపు లేదు.

పచ్చళ్ల_వ్యాన్ | మంగళవారం, ఉదయం 9:35

అక్క చెప్పిందంతా కరెక్టే. కానీ ఈ తమ్ముడు ఏం తప్పు చేశాడని ఇంత శిక్ష? నా బాధ కూడా చెప్తాను.

నేనూ మా వదినా కలిసి క్యాటరింగ్ చేస్తాం. నిశ్చితార్థాలు, బారసాలలు, ఆఫీసు లంచ్‌లు. మాది 2013 డీజిల్ వ్యాన్. బర్మింగ్‌హామ్‌లో వ్యాన్‌కి కూడా కారులాగే 8, బ్రిస్టల్ వెళ్తే 9. నలభై మందికి పులిహోర, గుత్తివంకాయ, పప్పు చేసి పంపిస్తే మిగిలేది ఎంతో వంట చేసేవాళ్లకే తెలుసు. అందులోంచి ఇది తీసేయాలి.

నాకు అన్నిటికన్నా కడుపు మండేది డీజిల్ విషయం. 2001లో ఈ దేశం రోడ్ టాక్స్‌ని కార్బన్ డయాక్సైడ్ లెక్క మీదికి మార్చింది. డీజిల్ బండి పెట్రోల్ కన్నా కార్బన్ తక్కువ వదులుతుంది కాబట్టి టాక్స్ తక్కువ. జనం ఎగబడి డీజిల్ కొన్నారు. అదే ఇంజిన్ నుంచి ఊపిరితిత్తులకి చేటు చేసే నైట్రోజన్ డయాక్సైడ్ ఎక్కువ వస్తుందనే సంగతి అప్పుడెవరూ గట్టిగా చెప్పలేదు. 2015లో ఫోక్స్‌వాగన్ మోసం బయటపడింది. టెస్ట్‌లో ఉన్నప్పుడు పొగ తగ్గించి, రోడ్డెక్కగానే వదిలేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు కార్లలో. కొనమన్నది ప్రభుత్వం, మోసం చేసింది కంపెనీ, కడుతున్నది మేము. సెకండ్ హ్యాండ్‌లో, థర్డ్ హ్యాండ్‌లో ఆ బళ్లు చివరికి చేరేది మాలాంటివాళ్ల దగ్గరికే కదా.

లూయిషమ్_నాన్న | మంగళవారం, మధ్యాహ్నం 12:48

పచ్చళ్ల అన్నా, మీ కోపంలో న్యాయం ఉంది. అయినా నా వైపు నుంచి కూడా ఒక మాట వినండి.

మేం లండన్‌లో సౌత్ సర్క్యులర్ అనే పెద్ద రోడ్డుకి దగ్గర్లో ఉంటాం. మా బాబుకి ఏడేళ్లు. ఆస్తమా. స్కూల్ బ్యాగ్ ముందు జిప్‌లో నీలం ఇన్‌హేలర్, దానికి బిగించే ప్లాస్టిక్ గొట్టం ఎప్పుడూ ఉంటాయి. చలికాలంలో రాత్రి రెండింటికి వాడు లేచి కూర్చుంటాడు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతుంటుంది. పది పఫ్‌లు ఇస్తూ, మధ్యలో లెక్కపెడుతూ, అంబులెన్స్ కోసం 999కి ఫోన్ చేయాలా వద్దా అని నేనూ మా ఆవిడా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం.

ఇదే రోడ్డు పక్కన, లూయిషమ్‌లోనే, ఎల్లా అడూ-కిస్సీ-డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆస్తమాతో చనిపోయింది. అంతకు ముందు మూడేళ్లలో దాదాపు ముప్పైసార్లు హాస్పిటల్‌లో చేర్చారు. వాళ్లమ్మ రోసమండ్ వదిలిపెట్టకుండా పోరాడితే 2020 డిసెంబర్‌లో రెండోసారి విచారణ జరిగింది. పాప మరణానికి గాలి కాలుష్యం కూడా ఒక కారణమని కరోనర్, అంటే మరణాల మీద విచారణ చేసే అధికారి, తీర్పు ఇచ్చాడు. మరణ ధ్రువపత్రం మీద ఆ మాట ఎక్కడం ఈ దేశంలో అదే మొదటిసారి. గాలి బాగోలేదని ముందే తెలిసి ఉంటే ఇల్లు మారిపోయేదాన్నని ఆ తల్లి చెప్పింది. నేనీ మాట చదివినప్పుడు మా బాబు పక్క గదిలో దగ్గుతున్నాడు.

లండన్‌లో ఇలాంటి జోనే అయిన యూలెజ్ 2019 ఏప్రిల్‌లో మధ్య లండన్‌లో మొదలై, 2021 అక్టోబర్‌లో సౌత్ సర్క్యులర్ దాకా, 2023 ఆగస్టు 29న మొత్తం లండన్‌కి వచ్చింది. రోజుకి 12.50 పౌండ్లు. ఇప్పుడు ఇక్కడ తిరిగే బళ్లలో 100కి 96కి పైగా నిబంధనలకి సరిపోయేవే. అంటే డబ్బు కట్టేవాళ్లు కొద్దిమందే మిగిలారు, గాలి మాత్రం అందరికీ మారింది. యూలెజ్ లేకపోతే ఉండేదానికన్నా రోడ్ల పక్కన నైట్రోజన్ డయాక్సైడ్ 27 శాతం తక్కువగా ఉందని మేయర్ ఆఫీసు 2025 నివేదికలో చెప్పింది. మధ్య లండన్‌లో అయితే సగానికి పైగా తగ్గింది.

డబ్బు వసూలు మీద నాకేమీ ప్రేమ లేదు. మా బాబు ఊపిరి గురించే నేనిక్కడ రాస్తున్నాను.

పచ్చళ్ల_వ్యాన్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

తమ్ముడూ, మీ బాబు చల్లగా ఉండాలి. చదువుతుంటే మనసు పాడైంది. మా వదిన కొడుక్కి కూడా ఇన్‌హేలర్ ఉంది.

నేను జోన్ వద్దనడం లేదు. మార్చుకోమన్నప్పుడు మార్చుకునే దారి కూడా చూపించాలంటున్నాను. సొంత డబ్బుతో కొత్త వ్యాన్ కొనగలిగినవాడికి అసలు జోన్ ఉన్నట్టే తెలియదు.

మిడిల్‌వే_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 2:05

2021 జూన్ 1న ఇక్కడ మొదలైనప్పుడు కొంత దారి చూపించారు. జోన్ లోపల పని చేస్తూ ఏడాదికి 30 వేల పౌండ్ల లోపు సంపాదించేవాళ్లకి పాత బండి ఇచ్చేస్తే 2,000 పౌండ్లు ఇచ్చే పథకం ఉండేది. అది వేరే బండికైనా, బస్సు రైలు ప్రయాణానికైనా వాడుకోవచ్చు. లోపల ఉండేవాళ్లకి కొన్నాళ్లు మినహాయింపు కూడా ఉండేది. నాకు తెలిసిన ఒకావిడ అలాగే తన కారు ఇచ్చేసి ఇప్పటికీ బస్సులోనే వెళ్తోంది. కానీ తమ్ముడిలా తర్వాత వచ్చినవాళ్లకి అవన్నీ అయిపోయాక మిగిలింది జరిమానాయే. ఏటా ఈ ఊరికి కొత్తవాళ్లు వస్తూనే ఉంటారు కదా, సాయం మొదట ఉన్నవాళ్లతోనే ఆపేస్తే ఎలా?

ఇంకో బాధ నాది. మేముండేది సరిగ్గా మిడిల్‌వే పక్కన. 8 పౌండ్లు తప్పించుకోవాలనుకునే ప్రతి పాత డీజిల్ బండీ లోపలికి వెళ్లకుండా మా కిటికీ ముందు నుంచి చుట్టూ తిరిగి పోతుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపకుండా నిలబడతాయి. వారానికోసారి కిటికీ చట్రం తడిగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుంది. గీత గీస్తే గీత లోపలివాళ్లకి మేలు, గీత మీద ఉన్నవాళ్ల మాటేంటి? నేను జోన్‌కి అనుకూలమే. అయినా ఈ ప్రశ్నకి ఇంతవరకు నాకు ఎవరూ సరైన జవాబు చెప్పలేదు.

మాంచెస్టర్_మామయ్య | మంగళవారం, సాయంత్రం 6:30

మా ఊళ్లో జరిగింది వినండి. గ్రేటర్ మాంచెస్టర్‌లో పది బరోలకీ, అంటే పది స్థానిక కౌన్సిళ్ల ప్రాంతాలకీ కలిపి జోన్ పెడతామన్నారు. 2022 మే 30న మొదలు కావాలి. సొంత కార్లకి లేదు, వ్యాన్లు, టాక్సీలు, లారీలు, బస్సులకి మాత్రమే. కెమెరాలు బిగించారు, రోడ్ల మీద బోర్డులు పాతారు. టాక్సీవాళ్లూ వ్యాన్లవాళ్లూ రోడ్డెక్కేసరికి ఆపేశారు. ఆ బోర్డుల మీద స్టిక్కర్లు అంటించి మూసేశారు. చాలాకాలం వాటిని చూస్తూనే డ్యూటీకి వెళ్లాను. చివరికి 2025 జనవరిలో డబ్బు వసూలు చేయకుండానే కొత్త బస్సులు, శుభ్రమైన టాక్సీల మీద ఖర్చు పెట్టే ప్లాన్‌కి కేంద్ర ప్రభుత్వం ఒప్పుకుంది.

మా జనం ముందు నుంచీ ఇంతే. 2008లో రద్దీ పన్ను పెట్టాలా అని ఓటింగ్ పెడితే 100కి దాదాపు 79 మంది వద్దన్నారు. స్టాక్‌హోమ్‌లో వేరేలా చేశారు. 2006లో ఏడు నెలలు పెట్టి చూపించి, ఆ తర్వాత ఓటు అడిగారు. రోడ్లు ఖాళీగా ఉండటం కళ్లారా చూశాక ఊరివాళ్లు సరేనన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతం. మన దగ్గర మాత్రం జేబులోంచి పోయే 8 పౌండ్లు ముందు కనబడతాయి, మంచి గాలి తర్వాతెప్పుడో వస్తుంది. రాజకీయ నాయకులకి అందుకే భయం. 2023లో లండన్ శివారు అక్స్‌బ్రిడ్జ్ ఉప ఎన్నికలో లేబర్ పార్టీ 495 ఓట్ల తేడాతో ఓడింది, యూలెజ్ వల్లే అలా జరిగిందని చాలామంది అన్నారు.

గ్లాస్గో_స్టూడెంట్ | మంగళవారం, రాత్రి 8:12

స్కాట్లాండ్ వచ్చే తెలుగువాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడ రోజుకి ఇంత కట్టి వెళ్లే పద్ధతి లేదు. నిబంధనకి సరిపోని బండి జోన్‌లోకి వస్తే నేరుగా జరిమానా. 60 పౌండ్లు, తొందరగా కడితే 30. మళ్లీ మళ్లీ వెళ్తే రెట్టింపవుతూ కారుకి 480 దాకా పోతుంది. గ్లాస్గోలో 2023 జూన్ 1 నుంచి, ఎడిన్‌బరోలో 2024 జూన్ 1 నుంచి. ఇంగ్లండ్ నుంచి పాత డీజిల్‌లో ట్రిప్‌కి వచ్చే ముందు నంబర్ చెక్ చేసుకోండి. డబ్బున్నవాడు రోజూ కట్టి పొగ వదిలే వీలు ఇక్కడ లేదు కాబట్టి నాకైతే ఇదే న్యాయంగా అనిపిస్తుంది.

భద్రాద్రి_భక్తురాలు | మంగళవారం, రాత్రి 9:40

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. వచ్చే శనివారం టివిడేల్ బాలాజీ గుడికి అమ్మానాన్నలని తీసుకెళ్దామనుకుంటున్నాం. స్విండన్ నుంచి. మాది 2012 డీజిల్. గుడి జోన్‌లో ఉందా?

మిడిల్‌వే_అక్క | మంగళవారం, రాత్రి 9:51

లేదమ్మా. గుడి జోన్‌కి చాలా దూరం. ఎం5 మీద 2వ జంక్షన్‌లో దిగితే దగ్గరే, ఒక్క పెన్నీ కూడా పడదు. దర్శనమయ్యాక బుల్‌రింగ్‌లో షాపింగ్ అంటూ సిటీలోకి రాకండి, వస్తే 8 కట్టాలి. కారు బయట ఎక్కడైనా పెట్టి రైల్లో రండి, పెద్దవాళ్లకీ తేలిక.

ఎర్రగడ్డ_బస్టాప్ | బుధవారం, తెల్లవారుజాము 4:25

హైదరాబాద్ నుంచి చదువుతున్నాను. మా తమ్ముడు కోవెంట్రీలో ఉంటాడు, వాడు ఈ లింక్ పంపాడు.

మన దేశంలో ఇలాంటిది అసలే లేదనుకోకండి. ఢిల్లీలోకి వచ్చే సరుకు లారీల మీద 2015లో సుప్రీంకోర్టు పర్యావరణ పరిహార రుసుం పెట్టించింది. అక్టోబర్‌లో చిన్న లారీలకి 700, పెద్దవాటికి 1,300 రూపాయలు అన్నారు. డిసెంబర్‌లో రెట్టింపు చేశారు. ఢిల్లీలో పనేమీ లేకపోయినా బయటి హైవేల మీద టోల్ తప్పించుకోవడానికి రాత్రిపూట ఊరి మధ్యనుంచి పోయే లారీల కోసం పెట్టింది అది. దాని లెక్క నాకు అర్థమవుతుంది, దాటిపోయే దారి ఇంకొకటి ఉంది కాబట్టి.

హైదరాబాద్‌లో అమీర్‌పేట, కోఠి, సికింద్రాబాద్ చుట్టూ గీత గీసి పాత బళ్లకి డబ్బు అడిగితే ఏమవుతుంది? మా నాన్న ముప్పై ఏళ్లు ఆటో నడిపారు. రాత్రి ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటే తుండుగుడ్డ మీద నల్లటి చార పడేది. పొగ అందరికన్నా ఎక్కువ మింగింది ఆయనే. గీత గీస్తే అందరికన్నా ముందు డబ్బు కట్టాల్సిందీ ఆయనే. అందుకే ఈ చర్చలో పచ్చళ్ల వ్యాన్ గారు అన్నది నిజం, లూయిషమ్ నాన్న గారు అన్నదీ నిజం అనిపిస్తోంది.

మనకి ముందు పొగ కొలవడం సరిగ్గా రావాలి. ఒకచోట నా బండి సైలెన్సర్‌లో గొట్టం పెట్టకుండానే నంబర్ ప్లేటు ఫొటో తీసి పొల్యూషన్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముతున్నవి బీఎస్-6 బళ్లే, కాబట్టి ఏది పాతదో రికార్డుల్లో ఉంది. ఎలక్ట్రిక్ బండి కొంటే తెలంగాణలో 2024 నవంబర్‌లో రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేశారు. మంచిదే. కానీ మా అమ్మ ఎక్కేది ఆర్టీసీ బస్సు. మహాలక్ష్మి వచ్చాక ఆడవాళ్లు బస్సుల్లో ఎంత నిండుగా వెళ్తున్నారో రోజూ చూస్తున్నాను. జనం బస్సు ఎక్కడానికి సిద్ధంగానే ఉన్నారు, నిలబడటానికి చోటు లేదు. ముందు బస్సులు పెంచి, ఆటోవాళ్లకి బండి మార్చుకునే డబ్బు ఇచ్చి, ఆ తర్వాత గీత గీయమనండి. అప్పుడు మా నాన్నతో కూడా నేనే ఒప్పిస్తాను.

లూయిషమ్_నాన్న | బుధవారం, ఉదయం 8:05

ఎర్రగడ్డ గారూ, మీరు చెప్పిన వరసే సరైనది. లండన్‌లో కూడా 2023లో ఊరంతా పెట్టడానికి కొద్ది రోజుల ముందు గానీ సాయం అందరికీ ఇవ్వలేదు. మొదట తక్కువ ఆదాయం ఉన్నవాళ్లలాంటి కొందరికే ఉన్న, పాత బండి ఇచ్చేస్తే డబ్బిచ్చే పథకాన్ని ఆ ఆగస్టులో లండన్‌వాసులందరికీ తెరిచారు, కారుకి 2,000 పౌండ్ల దాకా. అది మూడేళ్ల ముందే చేసి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదని నా నమ్మకం. మా పక్కింటి ముసలాయన ఆ పథకం వచ్చేలోపే కారుని కారుచౌకగా అమ్మేసుకున్నాడు. ఇప్పటికీ నన్ను చూసినప్పుడల్లా ఆ మాట అంటాడు, నా దగ్గర సమాధానం ఉండదు.

పచ్చళ్ల_వ్యాన్ | బుధవారం, ఉదయం 8:40

ఇంకో ప్రశ్న. ఈ డబ్బు ఎక్కడికి పోతోంది? బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబర్‌లో డబ్బు లేదని చేతులెత్తేసింది కదా. మన 8 పౌండ్లు అప్పులు తీర్చడానికి పోతున్నాయా?

మిడిల్‌వే_అక్క | బుధవారం, ఉదయం 9:15

చట్టప్రకారం అలా వాడకూడదు. ఖర్చులు పోను మిగిలింది స్థానిక రవాణా పనులకే పెట్టాలని 2000 నాటి ట్రాన్స్‌పోర్ట్ చట్టంలో ఉంది. ఏ సైకిల్ దారికి ఎంత, ఏ బస్సు పనికి ఎంత అని మనం వార్డు కౌన్సిలర్‌ని అడగొచ్చు. నేను మిడిల్‌వే పక్కన చెట్ల గురించి, సిగ్నల్ దగ్గర ఇంజిన్లు ఆపడం గురించి మెయిల్ పెట్టాను. మీరూ పెట్టండి, పదిమంది అడిగితే కదలిక వస్తుంది.

తమ్ముడూ నెల్లూరు, నీ కారు సంగతి చెప్పడం మర్చిపోయాను. ఇది చాలామందికి తెలియదు. యూరో అంటే ఇంజిన్ పొగకి పెట్టిన ప్రమాణం, అంకె పెరిగేకొద్దీ పొగ తక్కువ. పెట్రోల్ కారైతే యూరో 4 చాలు, మామూలుగా 2006 తర్వాతవన్నీ సరిపోతాయి. డీజిల్‌కి మాత్రం యూరో 6 కావాలి, అంటే దాదాపు 2015 సెప్టెంబర్ తర్వాతవి. అంటే నీ 2014 డీజిల్‌కి పడుతుంది, 2008 పెట్రోల్ కారుకి పడదు. కొత్త కారు అక్కర్లేదు, దీన్ని ఇంకా పాత పెట్రోల్ కారుతో మార్చుకున్నా చాలు. కొనే ముందు నంబర్ ప్లేటు ప్రభుత్వ సైట్‌లో కొట్టి చూడు.

నెల్లూరు_నైట్‌షిఫ్ట్ | మూడు వారాల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం 3:30

అక్కా, అన్నలూ, అందరికీ ముందు థ్యాంక్స్.

మొత్తం తొమ్మిది నోటీసులు వచ్చాయి. ఆ మంగళవారం పొద్దున్నే అక్క మెసేజ్ చూసి వెనక ఆరు రోజులవి కట్టేయడం వల్ల మిగతావి ఆగాయి. తొమ్మిదీ 60 చొప్పున, రోజు చార్జీతో కలిపి 612 పౌండ్లు. మా ఆవిడ ఊరికి పంపుదామని దాచినది అందులో పోయింది. వాళ్ల నాన్నగారికి ఫోన్‌లో చెప్పింది, ఆయన ఏమీ అనలేదు.

మేనేజర్ రాత్రి 11:15కి వదలడానికి ఒప్పుకున్నాడు, బదులుగా గంట ముందు రమ్మన్నాడు. న్యూ స్ట్రీట్ స్టేషన్‌కి పరిగెడితే చివరి రైలు అందుతోంది. డీజిల్ కారు 1,500కి అమ్మేశాను, కొన్నాయన లిచ్‌ఫీల్డ్ అవతల పల్లెటూళ్లో ఉంటాడు, సిటీకి రానన్నాడు. జోన్ సంగతి నేనే ముందు చెప్పాను. 2009 పెట్రోల్ కారు ఒకటి చూశాం, నంబర్ కొట్టి చూస్తే చార్జీ లేదని వచ్చింది. వచ్చే జీతానికి కొంటాం.

లూయిషమ్ అన్నా, మీకొక మాట. మా ఆవిడ పిల్లల వార్డులో పని చేస్తుంది. మీరు రాసింది చదివి వినిపించాను. ఆ పది పఫ్‌లు లెక్కపెట్టేది నైట్ డ్యూటీలో తనే అంది. పోయిన చలికాలం ఒక్కో రాత్రి ముగ్గురు నలుగురు పిల్లలు అలాగే వచ్చేవారట. నేను మూడు వారాలు రోజుకి రెండుసార్లు ఆ కారు వేసుకుని తిరిగాను. బాబుకి ఇప్పుడెలా ఉంది?

లూయిషమ్_నాన్న | ఆదివారం, సాయంత్రం 5:02

ఈ వారం ఒక్క రాత్రి కూడా లేవలేదు తమ్ముడూ. మీ ఆవిడకి మా ఇద్దరి తరఫున నమస్కారం చెప్పు.